పాప్ మ్యూజిక్ వీడియోలు అప్పటికీ ఇప్పటికీ ఏం మారాయి? పిల్లలకి ఏవి చూపించాలి?

విజయ్_నారాయణగూడ
అందరికీ నమస్తే. నేను నారాయణగూడలో ఒక డిగ్రీ కాలేజీలో మాస్ కమ్యూనికేషన్ చెప్తాను. వచ్చే నెల సెకండియర్ పిల్లలకి మ్యూజిక్ వీడియోల మీద రెండు గంటల క్లాసు ఉంది, దానికి మీ సాయం కావాలి. పిల్లలంతా 2005 తర్వాత పుట్టినవాళ్లు. పాట అనగానే వాళ్లకి గుర్తొచ్చేది ఫోన్ నిలువుగా పట్టుకుని చూసే ముప్ఫై సెకన్ల ముక్క, దానికి ముందూ వెనకా ఏముందో తెలుసుకోవాలని ఉంటుంది గానీ ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్లకి చెప్పేవాళ్లు లేరు. "మా రోజుల్లో బాగుండేవి" అని చెప్పి వదిలేయడం నాకు ఇష్టం లేదు. ఏం మారింది, ఎందుకు మారింది, ఏ వీడియో వేస్తే ఆ మార్పు కళ్లకు కడుతుంది, అది చెప్పండి. తెలుగువి కూడా తప్పకుండా ఉండాలి. ఇంగ్లీషు వీడియోల చరిత్ర నెట్ నిండా ఉంది, మనది ఒక్కచోట రాసిపెట్టినవాళ్లు నాకు కనబడలేదు.

కోఠి_క్యాసెట్
విజయ్ గారూ, మంచి పని పెట్టుకున్నారు. అందరూ 1981 ఆగస్టు 1న అమెరికాలో ఎంటీవీ అనే పాటల టీవీ చానల్ మొదలైన దగ్గర్నుంచి చెప్తారు, మొదటి పాట బగుల్స్ వాళ్ల 'వీడియో కిల్డ్ ది రేడియో స్టార్' అని. మీరు ఇంకొంచెం వెనక్కి వెళ్లండి. 1965లో బాబ్ డిలన్ లండన్‌లో ఒక సందులో నిలబడి, పాటలోని మాటలు రాసిన అట్టలు చేత్తో పట్టుకుని, పాట వినబడుతుంటే ఒక్కొక్కటే కింద పడేస్తాడు. పాట పేరు 'సబ్‌టెరేనియన్ హోమ్‌సిక్ బ్లూస్'. పాడుతున్నట్టు పెదాలు కూడా కదపడు. ఇవాళ మన సినిమావాళ్లు వదులుతున్న లిరికల్ వీడియోలకి మూలం అక్కడుంది, పిల్లలు ఇట్టే పట్టుకుంటారు.

తర్వాత 1975, క్వీన్ బ్యాండు వాళ్ల 'బొహీమియన్ రాప్సొడీ'. అప్పట్లో బ్రిటన్‌లో పాట జనంలోకి వెళ్లాలంటే బీబీసీలో 'టాప్ ఆఫ్ ది పాప్స్'కి వెళ్లి పెదాలు కలపాలి. ఈ పాట మధ్యలో వచ్చే ఆపెరా భాగాన్ని అలా స్టేజీ మీద నెట్టుకురావడం కష్టం, పైగా వాళ్లకి టూరు ఉంది. వీడియో టేపు మీద కొన్ని గంటల్లో తీసేశారు. చీకట్లో పైకి చూస్తున్న నాలుగు మొహాలు, అంతే. పాట అమ్మడానికి మనుషులు వెళ్లక్కర్లేదు, టేపు వెళ్తే చాలు అని కంపెనీలకి తెలిసొచ్చింది ఆ పాటతోనే.

డబ్బు సంగతి కూడా చెప్పండి. ఎంటీవీ మొదలైనప్పుడు వీడియోలు తీసింది రికార్డు కంపెనీలు, ఖర్చు వాళ్లదే, చానల్‌కి దాదాపు ఊరికే ఇచ్చారు. వీడియో అంటే క్యాసెట్ అమ్ముకోవడానికి ప్రకటన. ఎవరు డబ్బు పెడుతున్నారు, జనం ఏ తెర మీద చూస్తున్నారు, ఈ రెండూ పట్టుకుంటే మిగతా మార్పులన్నీ వాటంతట అవే అర్థమవుతాయి అని నా అభిప్రాయం.

నైంటీస్_నవీన్
కోఠి అన్న చెప్పింది కరెక్టే కానీ అసలు పండగంతా ఆ తర్వాతే. ఆ-హా బ్యాండు 'టేక్ ఆన్ మీ' 1985 వేయండి, తప్పకుండా వేయండి. హోటల్లో కూర్చుని బొమ్మల కథ చదువుతున్న అమ్మాయికి కాగితంలోంచి పెన్సిల్ చెయ్యి బయటికొస్తుంది. నటులతో తీసిన ఫిల్ముని ఒక్కో ఫ్రేము పరిచి దాని మీద చేత్తో గీసిన బొమ్మలు అవి, సుమారు 3000 ఫ్రేములు, 16 వారాల పని. పాజ్ చేసి చూపించండి, అబ్బాయి జుట్టు గీతలు ఫ్రేము ఫ్రేముకీ వణుకుతుంటాయి, ఒక్క గీత కూడా పక్క ఫ్రేములో ఉన్నచోట ఉండదు. ఆ వణుకే ఆ వీడియోకి ప్రాణం, ఇవాళ సాఫ్ట్‌వేర్‌తో నున్నగా చేస్తే రాదు. ఇంకో సంగతి, అదే పాట అంతకుముందు మామూలు వీడియోతో వస్తే ఎవరూ పట్టించుకోలేదు. మళ్లీ రికార్డు చేసి ఈ వీడియోతో వదిలితే అక్టోబరు 1985లో అమెరికాలో నంబర్ వన్.

'స్లెడ్జ్‌హ్యామర్' 1986, పీటర్ గేబ్రియల్. మనిషినే బొమ్మలా పెట్టి, ఒక్కో ఫ్రేముకీ కొంచెం కొంచెం జరుపుతూ తీశారు, ఆయన గంటల తరబడి గాజు పలక కింద పడుకున్నాడు. 1987లో ఎంటీవీ అవార్డులు 9 వచ్చాయి దానికి.

ఇవి చూశాక ఇప్పటి వీడియోలు చూడండి. డ్రోన్ పైకి లేస్తుంది, హీరో స్లో మోషన్లో నడుస్తాడు, వెనక కారు, ఎడిట్‌లో రంగు మార్చేస్తారు. ఆలోచన ఎక్కడుంది? నాకు నిజంగా బాధగా ఉంటుంది.

కట్_టు_కట్
నవీన్ బ్రో, నేను యూసుఫ్‌గూడలో ఎడిటర్‌ని, ప్రైవేట్ ఆల్బమ్ పాటలు, ఫోక్ పాటలు ఎక్కువ చేస్తాను. మీ బాధ అర్థమైంది కానీ ఒక మాట. మీరు చెప్పిన రెండూ ఆ దశాబ్దంలో వచ్చిన వేల వీడియోల్లోంచి మిగిలినవి. మిగతావి పొగ, లైటు, గాలికి ఎగిరే జుట్టు. ఇప్పటివాటిలో కూడా ఏవి మిగులుతాయో కొన్నేళ్లు పోతే గానీ తెలియదు.

సాంకేతికంగా ఏం మారిందో నాకు తెలిసింది చెప్తాను. 90ల దాకా మంచి వీడియో కావాలంటే ఫిల్మ్ మీద తీయాలి, ల్యాబ్‌లో కడగాలి, దాన్ని టేపు మీదికి ఎక్కించి అప్పుడు ఎడిట్. డబ్బున్న కంపెనీ వెనక లేకపోతే ఆ దారిలోకే రాలేరు. 1995లో మైఖేల్ జాక్సన్, జానెట్ కలిసి చేసిన 'స్క్రీమ్'కి 70 లక్షల డాలర్లు ఖర్చయ్యాయని చెప్తారు, ఒక్క పాటకి. 2008లో కానన్ 5డీ మార్క్ 2 వచ్చింది. ఫొటోలు తీసే కెమెరాతో ఫుల్ హెచ్‌డీ వీడియో, మనిషి స్పష్టంగా ఉండి వెనక అంతా మసకగా కరిగిపోయే ఆ సినిమా లుక్కు. పెళ్లి ఫొటోగ్రాఫర్ దగ్గర కూడా ఆ కెమెరా ఉండేది. అదే ఏడాది నవంబరులో యూట్యూబ్ తన తెరని వెడల్పుగా 16:9కి మార్చింది. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ గల్లీల్లో పాటలు తీసేవాళ్లు పుట్టుకొచ్చింది ఆ కెమెరాతోనే.

స్లో మోషన్ గురించి కూడా. క్లాసులో పిల్లలు తప్పకుండా అడుగుతారు, మనిషి స్లోగా కదులుతుంటే పెదాలు పాటకి ఎలా కలుస్తున్నాయని. షూటింగ్‌లో పాటని రెండింతల స్పీడులో వినిపిస్తాం, ఆర్టిస్టు ఆ స్పీడుకే పెదాలు కదుపుతారు, కెమెరా కూడా సెకనుకి 24 బదులు 48 ఫ్రేములు తీస్తుంది. మామూలు స్పీడులో వేస్తే పెదాలు పాటకి సరిపోతాయి, బట్టలూ జుట్టూ మాత్రం నెమ్మదిగా తేలుతాయి. వినడానికి తేలిక, చేసేవాళ్లకి నరకం, మాట మాటా పలకాలి కదా అంత వేగంలో. కోల్డ్‌ప్లే వాళ్ల 'ది సైంటిస్ట్' 2002లో ఇంకా కష్టం, వీడియో మొత్తం వెనక్కి నడుస్తుంది కాబట్టి పాడే ఆయన పాటని తిరగేసి పలకడం నేర్చుకున్నాడు.

శిరీష_సరూర్‌నగర్
అయ్యో, అందరూ అమెరికా దగ్గరే ఆగిపోయారు. మన ఇళ్లలోకి ఇవి ఎలా వచ్చాయో చెప్పరే! అంతకుముందు మనకి పాటంటే దూరదర్శన్‌లో శుక్రవారం సాయంత్రం చిత్రలహరి. 1991లో స్టార్ టీవీతో పాటు ఎంటీవీ ఆసియా వచ్చింది, 1994లో చానల్ వీ, 1996లో ఎంటీవీ ఇండియా. సరూర్‌నగర్‌లో మా వీధిలో కేబుల్ పడ్డాక మేం అక్కచెల్లెళ్లం స్కూలు బట్టలు మార్చుకోకుండా టీవీ ముందు కూర్చునేవాళ్లం. నాన్న వచ్చే స్కూటర్ చప్పుడు వినగానే వార్తలు పెట్టేయడం, అదో టెన్షన్.

విజయ్ గారూ, అలీషా చినాయ్ 'మేడ్ ఇన్ ఇండియా' 1995 మీ లిస్టులో రాసుకోండి. రాజకుమారి, వరసగా వచ్చే పెళ్లికొడుకులు, చివరికి చెక్కపెట్టెలోంచి మిలింద్ సోమన్. కెన్ ఘోష్ తీశాడు. సినిమా పాట కాకుండా, హీరో హీరోయిన్లు లేకుండా, ఒక పాడే అమ్మాయి తన మొహంతో తన పాట అమ్ముకోవచ్చని మేం మొదటిసారి చూశాం. నాకు అది చాలా పెద్ద విషయం, ఇప్పటికీ. అప్పటిదాకా పాడేవాళ్ల పేర్లు క్యాసెట్ అట్ట మీద చదవడమే గానీ మనిషి ఎలా ఉంటుందో తెలిసేది కాదు. లక్కీ అలీ 'ఓ సనమ్' 1996 ఈజిప్టులో తీశారు, పిరమిడ్ల దగ్గర. దలేర్ మెహందీ 'తునక్ తునక్ తున్' 1998, నలుగురు దలేర్లు. అందమైన అమ్మాయిలుండబట్టే ఆయన వీడియోలు ఆడుతున్నాయని అంటుంటే, వీడియోలో తాను తప్ప ఇంకెవరూ లేకుండా చేశాడు.

తెలుగులో స్మిత గారి 'హాయ్ రబ్బా' మర్చిపోవద్దు, 2000 ప్రాంతం. తెలుగు పాప్ ఆల్బమ్ అనగానే మా వయసువాళ్లకి మొదట వచ్చే పేరు అదే. తర్వాత ఆవిడే 'మసక మసక చీకటిలో' రీమిక్స్ చేశారు, అసలు పాట 1973 'దేవుడు చేసిన మనుషులు'లో ఎల్.ఆర్.ఈశ్వరి పాడింది. హిందీలో 2002లో 'కాంటా లగా' వచ్చాక రీమిక్స్ వీడియోల వరద వచ్చింది, దానికి చట్టం కూడా ఒక కారణం. పాత పాట వచ్చి రెండేళ్లు దాటితే, నోటీసిచ్చి రాయల్టీ కట్టి మళ్లీ రికార్డు చేసుకునే వీలుండేది. 2012లో చట్టం మార్చి దాన్ని అయిదేళ్లు చేశారు, పాటను ఇష్టమొచ్చినట్టు మార్చడానికి కూడా పగ్గాలు వేశారు.

నైంటీస్_నవీన్
శిరీష అక్కా, నువ్వు చెప్పిందే నేనూ చెప్పేది. ఆ ఎంటీవీనే మూసేశారు ఇప్పుడు, ఇంక ఏం మిగిలింది?

శిరీష_సరూర్‌నగర్
పూర్తిగా మూసేయలేదు తమ్ముడూ, ఆ వార్త వాట్సాప్‌లో అడ్డదిడ్డంగా తిరిగింది. 2025 డిసెంబరు 31తో బ్రిటన్‌లో ఎంటీవీ వాళ్ల పాటల చానళ్లు ఆపేశారు, ఎంటీవీ 80స్, ఎంటీవీ 90స్ లాంటివి. ప్రధాన చానల్ ఉంది, అందులో ఎక్కువగా రియాలిటీ షోలే. మన దగ్గర చానల్ వీ మాత్రం 2018లోనే పోయింది. ఆ రోజు నేను మా చెల్లికి ఫోన్ చేసి చెప్పాను, ఇద్దరం చాలాసేపు పాత పాటలే మాట్లాడుకున్నాం.

పాషా_పాతబస్తీ
సలాం అందరికీ. నవీన్ భాయ్, టీవీ ఉన్నప్పుడు గేటు దగ్గర ఎవరో ఒకరు నిలబడి లోపలికి ఎవర్ని వదలాలో చూసేవారు, అది మర్చిపోవద్దు. 1983లో బ్రిటిష్ గాయకుడు డేవిడ్ బోవీ ఎంటీవీ ఇంటర్వ్యూలోనే వాళ్లని నిలదీశాడు, మీ చానల్లో నల్లజాతివాళ్ల పాటలు ఇంత తక్కువ ఎందుకున్నాయని. ఆ వీడియో నెట్‌లో ఉంది, పిల్లలకి తప్పకుండా చూపించండి విజయ్ సార్, యాంకర్ జవాబు చెప్పలేక ఎలా తడబడతాడో చూడాలి. ఆ ఏడాదే మైఖేల్ జాక్సన్ 'బిల్లీ జీన్' వచ్చింది, కాలు పెట్టినచోట నేల వెలుగుతుంది, దాన్ని ఆపడం ఎవరివల్లా కాలేదు.

ఇప్పుడు మన ఊరికి రండి. హైదరాబాదీ యాసలో, ధూల్‌పేట మంగళ్‌హాట్ గల్లీల్లో, గణేశ్ నిమజ్జనం మీద పాట తీసుకుని 2000లో ఏ టీవీ చానల్‌కి వెళ్లినా లోపలికి రానిచ్చేవారా? నాకు నమ్మకం లేదు. రాహుల్ సిప్లిగంజ్ 'మంగమ్మ', 'గల్లీ కా గణేశ్' లాంటివి యూట్యూబ్‌లోనే పెట్టాడు. ఏ చానల్ పర్మిషన్ అక్కర్లేదు, మన గల్లీ, మన బ్యాండు, మన స్టెప్పు, మన దోస్తులే ఆర్టిస్టులు. అదే రాహుల్ 2023 మార్చిలో కాలభైరవతో కలిసి ఆస్కార్ స్టేజీ మీద 'నాటు నాటు' పాడితే మా బస్తీలో పొద్దున్నే టపాకాయలు కాల్చారు. మీరు డ్రోన్ షాట్ అంటున్నారు, నేను చార్మినార్ పక్క గల్లీ మొదటిసారి పాటలో సరిగ్గా కనబడింది అంటాను.

విజయ్_నారాయణగూడ
చాలా థ్యాంక్స్ అందరికీ, నోట్‌బుక్ నిండిపోతోంది. పాషా భాయ్, బోవీ ఇంటర్వ్యూ తప్పకుండా పెడతాను. నాకొక సందేహం. తెలుగులో విడిగా పాప్ వీడియో ఎందుకు అంత ఆలస్యంగా వచ్చింది? ప్రతిభ లేక కాదు కదా.

కోఠి_క్యాసెట్
సినిమా పాటే మన మ్యూజిక్ వీడియో, విజయ్ గారూ. అమెరికాలో పాటకి బొమ్మ కావాలంటే విడిగా తీయాలి, మనకి ప్రతి సినిమాలో అయిదారు తయారుగా ఉన్నాయి, సెట్టింగు, డాన్సు, డ్రెస్సు అన్నీ కలిపి. ఎంటీవీ నుంచి కూడా మనకి చాలా వచ్చింది, కాకపోతే సినిమా ద్వారా వచ్చింది. మైఖేల్ జాక్సన్ 'థ్రిల్లర్' 1983 డిసెంబరు 2న ఎంటీవీలో వేశారు, దాదాపు 14 నిమిషాలు, జాన్ లాండిస్ అనే సినిమా దర్శకుడు తీశాడు. ఆల్బమ్ వచ్చి ఏడాది దాటిందని కంపెనీ డబ్బు పెట్టడానికి వెనకాడితే, అది ఎలా తీశారో చూపించే ఇంకో సినిమాని కూడా తయారుచేసి టీవీవాళ్లకి అమ్మి ఖర్చు రాబట్టుకున్నారు. రెండేళ్లకే, 1985లో, మన 'దొంగ'లో చిరంజీవి 'గోలీమార్' చేశాడు, ఎర్ర కోటు, శ్మశానం, దయ్యాల డాన్సు. యూట్యూబ్ వచ్చాక దాన్ని 'ఇండియన్ థ్రిల్లర్' అని ప్రపంచమంతా చూసింది. నవ్వినవాళ్లు నవ్వారు. నేను మాత్రం ఆ రోజుల్లో థియేటర్లో అది చూసి ఒళ్లు మరిచిపోయినవాణ్ని, ఆ డాన్సులో ఆ మనిషి ఒంట్లో ఉన్న స్ప్రింగు ఇంకెవరికీ లేదు. రెండూ పక్కపక్కన వేయండి.

1994లో 'ప్రేమికుడు'లో 'ముక్కాలా ముక్కాబులా' చివర్లో ప్రభుదేవా తలా చేతులూ మాయమైపోయి బట్టలు మాత్రం డాన్స్ చేస్తాయి. ఇంత ఖర్చుతో సినిమావాళ్లు చేస్తుంటే విడిగా పాట తీసేవాడు ఎక్కడ నిలబడతాడు?

లిరికల్ వీడియో సంగతి కూడా ఇక్కడే. 2011 నవంబరులో 'కొలవెరి' వచ్చింది గుర్తుందా, రికార్డింగ్ థియేటర్లో ధనుష్ పాడుతుంటే తీసిన మామూలు వీడియో, తమిళ పాట, దేశమంతా ఊగింది. తర్వాత మనవాళ్లు ఆ దారి పట్టారు. 2019 సెప్టెంబరులో 'సామజవరగమన', తెర మీద సిరివెన్నెల గారి మాటలు, సిద్ శ్రీరామ్ పాడటం, తమన్, వాయిద్యాలవాళ్లు. సినిమా వచ్చింది 2020 సంక్రాంతికి. నెలల తరబడి జనం హీరో డాన్సు చూడకుండానే పాటని తలకెత్తుకున్నారు. కీబోర్డు మీద, వయొలిన్ మీద పనిచేసే చేతులు జనం చూడటం నాకు చాలా సంతోషం కలిగించిన మార్పు.

జగిత్యాల_రవళి
అన్నలకి, అక్కలకి నమస్తే. నేను ఉప్పల్‌లో ఉంటాను, ఫోక్ పాటల్లో డాన్స్ చేస్తాను. ఇంతసేపటి నుంచి చదువుతున్నాను, మా పాటల గురించి ఒకరు కూడా రాయలేదు, కట్ టు కట్ అన్న ఒక మాట అని వదిలేశాడు. విజయ్ సార్, తెలుగు పాప్ వీడియో ఏదని అడిగారు కదా, ఇవాళ మీ క్లాసులో పిల్లల ఫోన్లు తీసి చూడండి, ఉండేవి మా పాటలే.

షూటింగ్ ఎలా ఉంటుందో చెప్తాను. తెల్లవారి చీకట్లో మేకప్. ఎందుకంటే పొద్దుటి ఎండ, సాయంత్రం ఎండ మెత్తగా ఉంటాయి, మధ్యాహ్నం కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి, అప్పుడు ఇంట్లో సీన్లు తీస్తారు. చెరువు గట్టు, పసుపు చేను, ఎవరిదో పాత పెంకుటిల్లు, అరుగు. ఆ ఇంటి ముసలమ్మ మాకు చాయ్ పెట్టి, మా చీర కుచ్చిళ్లు సరిగ్గా లేవని తనే సర్దుతుంది. పాట వినిపించడానికి ఒక స్పీకరు, దాన్ని ఒక పిల్లాడు పట్టుకుని కెమెరా వెనకే పరిగెత్తుతాడు, గాలి ఎక్కువైతే నాకు పల్లవి వినబడదు, మాస్టర్ చెయ్యి చూసి అడుగు వేస్తాను. డ్రోన్ కొద్దిసేపే ఉంటుంది, బ్యాటరీ అయిపోయేలోపు చేనులో డాన్స్ మొత్తం ఒకేసారి రావాలి. నవీన్ అన్నా, ఆ డ్రోన్ షాట్ మీకు ఈజీగా కనబడుతుంది, కింద మేం చెప్పుల్లేకుండా కోసిన చేను మొదళ్ల మీద ఎగురుతుంటాం.

స్టెప్పుల్లో ఏం మారిందో నాకు బాగా తెలుసు. ఇప్పుడు పల్లవికి పెట్టే స్టెప్పు చేతులతో, భుజాలతో, నడుముతో అయిపోవాలి, కాళ్లు ఎక్కువ కదలకూడదు. ఎందుకంటే అది చూసిన అమ్మాయి తన గదిలో, గోడకి ఫోన్ ఆనించి, రెండడుగుల జాగాలో చేయాలి. అది చేయలేకపోతే రీల్ రాదు, రీల్ రాకపోతే పాట వెళ్లదు. మాస్టర్ స్టెప్పు కంపోజ్ చేసేటప్పుడే ఫోన్లో నిలువుగా తీసి చూసుకుంటాడు.

కట్_టు_కట్
రవళి చెల్లె చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. టిక్‌టాక్‌ని 2020 జూన్ చివర్లో మన దేశంలో ఆపేశారు, వారం పది రోజుల్లో ఇన్‌స్టా రీల్స్ వచ్చేసింది. అప్పట్నుంచి నేను ప్రతి పాటనీ అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కట్ చేస్తున్నాను. కెమెరామన్‌కి ముందే చెప్తాం, ముఖ్యమైన మనిషిని మధ్యలోనే పెట్టు, పక్కన నిలబెడితే నిలువు కట్‌లో సగం మొహం పోతుందని. దాంతో ఇద్దరు మనుషులు తెరకి రెండు అంచుల్లో నిలబడి మధ్యలో ఖాళీతో మాట్లాడే ఫ్రేములు మా పాటల్లోంచి వెళ్లిపోయాయి. నాకు ఆ ఫ్రేములంటే ప్రాణం, ఎప్పుడైనా పాటకి నిలువు కట్ వద్దంటే ఆ రోజు పండగే. ముందు వచ్చే మ్యూజిక్ కూడా కుదించేశారు, వేలు పైకి జరిగేలోపు గొంతు వినబడాలి.

'బుల్లెట్టు బండి' చూడండి, 2021. మోహన భోగరాజు పాడి, తనే వీడియోలో ఉన్నారు. మంచిర్యాల వైపు ఒక పెళ్లికూతురు ఆ పాటకి రోడ్డు మీద వేసిన డాన్స్ ఫోన్లో ఎవరో తీశారు, దానివల్ల అసలు పాట ఊరూరా మోగింది. పాట తీసినవాళ్ల వీడియో కన్నా పాట విన్నవాళ్ల వీడియో ముందు వెళ్లింది. ఎంటీవీ రోజుల్లో ఊహించగలమా ఇది?

నైంటీస్_నవీన్
రవళి చెల్లె, నీ కష్టాన్ని తక్కువ చేసి మాట్లాడలేదు. కాకపోతే ఫోక్‌ని పాప్ అనడానికి నాకు మనసొప్పడం లేదు. బతుకమ్మ పాట ఊళ్లో ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరిగే పాట, దానికి కథ, లయ వేరు. దాన్ని మూడు నిమిషాల్లో కుక్కి బీట్ వేసి రీల్‌కి కోస్తే ఏదో పోతుంది, అది నీకూ తెలుసు.

జగిత్యాల_రవళి
పోతుంది అన్నా, అది నేను కాదనను. మా అమ్మమ్మ పాడే పాట అరగంట నడిచేది, అందరి ఇళ్ల పేర్లూ అందులోకి వచ్చేవి. మూడు నిమిషాల్లో అది రాదు. కానీ వి6 చానల్ ఏటా బతుకమ్మ పాట చేయడం మొదలుపెట్టాక మంగ్లి అక్క లాంటి గొంతులు ఇంటింటికీ తెలిశాయి. మా తండాల నుంచి, మా ఊళ్ల నుంచి పాడేవాళ్లు పాట మీద బతకగలమని నమ్మారు. 2021లో బతుకమ్మకి ఏ.ఆర్.రెహమాన్ 'అల్లిపూల వెన్నెల' చేశారు, గౌతమ్ మీనన్ వీడియో తీశారు, భూదాన్ పోచంపల్లిలో. అంత పెద్దవాళ్లు మా పండగ దగ్గరికి వచ్చారంటే ముందు ఆ దారి వేసింది చిన్న కెమెరాలతో తీసినవాళ్లే.

నాకున్న బాధ వేరు. నేను చేసిన ఒక పాటని ఒక చానల్ వాళ్లు పెట్టుకుని, రాసినవాళ్ల పేరు తీసేసి కింద "జానపదం" అని వేశారు. ఆయన మా పక్క ఊరు, కూలీకి వెళ్లి వచ్చి రాత్రి రాసుకున్న పాట అది. నాలుగుసార్లు ఫోన్ చేసి బతిమాలితే పేరు వేశారు, అదీ మూడో లైన్లో.

పాషా_పాతబస్తీ
రవళి బహెన్, దీన్ని వదలొద్దు. అమెరికాలో కూడా డైరెక్టర్ల పేర్లు వీడియోల మీద వేయడం ఎంటీవీ 1992 చివర్లో గానీ మొదలుపెట్టలేదు. అప్పటికే డేవిడ్ ఫించర్ మడోన్నాకి 'వోగ్' తీసేశాడు, మన జలంధర్‌లో పుట్టిన తర్సేమ్ సింగ్ ఆర్.ఈ.ఎమ్. బ్యాండుకి 'లూజింగ్ మై రెలిజియన్' తీసి 1991లో ఆ ఏడాది అన్నిటికన్నా పెద్ద అవార్డు పట్టుకెళ్లాడు. పాట చూసినవాళ్లకి తీసిందెవరో తెర మీద రాయలేదు. అడిగితేనే వేస్తారు.

విజయ్_నారాయణగూడ
రవళి, కట్ టు కట్, మీరిద్దరూ రాసింది నాకు ఏ పుస్తకంలోనూ దొరికేది కాదు. వీలైతే ఆ రోజు క్లాసుకి రండి, దారి ఖర్చులు కాలేజీ చూసుకుంటుంది, నేను మాట్లాడతాను.

వరస ఇలా అనుకుంటున్నాను. డిలన్ అట్టలు, వెంటనే 'సామజవరగమన'. తర్వాత 'థ్రిల్లర్', 'గోలీమార్'. బోవీ ఇంటర్వ్యూ, 'గల్లీ కా గణేశ్'. 'టేక్ ఆన్ మీ' పాజ్ చేసి నాలుగైదు ఫ్రేములు. 'మేడ్ ఇన్ ఇండియా', 'హాయ్ రబ్బా'. చివరి అరగంట రవళి చేసిన పాట, దాని అడ్డం కట్, నిలువు కట్ రెండూ. 'గంగ్నమ్ స్టైల్' వేయను, దాని అంకెల కథ మాత్రం చెప్తాను. 2012 డిసెంబరులో 100 కోట్ల చూపులు దాటిన మొదటి వీడియో, 2014లో యూట్యూబ్ కౌంటర్ పట్టగలిగిన 214 కోట్ల పైచిలుకు హద్దు కూడా దాటితే వాళ్లు లెక్క పెట్టే పద్ధతే మార్చాల్సొచ్చింది. 'థ్రిల్లర్' మొత్తం వేయాలా, డాన్స్ ఒక్కటే వేయాలా?

శిరీష_సరూర్‌నగర్
మొత్తం వేయండి. 14 నిమిషాలు ఒక్క పాట కోసం పిల్లలు కదలకుండా కూర్చుంటే ఎలా ఉంటుందో వాళ్లకి తెలియాలి.

నైంటీస్_నవీన్
అక్క మాటే నాదీ. మొత్తం వేయండి సార్. ఫోక్ పాప్ అవునా కాదా అనే సంగతి క్లాసులో పిల్లల్నే అడగండి, వాళ్లేమన్నారో ఇక్కడ రాయండి, నేను చదువుతాను.

కట్_టు_కట్
నేను వస్తాను సార్. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, నిలువు కట్‌ని ప్రొజెక్టర్ మీద వేయకండి, అటూ ఇటూ నల్లగా వచ్చి మధ్యలో సన్నటి పట్టీలా ఉంటుంది, దాని బలం తెలియదు. లింకు పంపి అందరినీ ఫోన్లు చేతిలోకి తీసుకోమనండి, హెడ్‌ఫోన్లు తెచ్చుకోమనండి. అడ్డం కట్ మాత్రం పెద్ద తెర మీద, కర్టెన్లు వేసి, మంచి స్పీకర్లతో. సెమినార్ హాల్లో ఉండే ఆ చిన్న డబ్బా స్పీకర్లయితే చెప్పండి, మా ఆఫీసువి ఆటోలో వేసుకొస్తాను.

జగిత్యాల_రవళి
నేనూ వస్తాను సార్. పాట రాసిన అన్నని కూడా తీసుకురావచ్చా? ఆయనకి ఆ రోజు కూలీ పోతుంది, బస్ చార్జీతో పాటు అది కూడా చూడగలరా, ముందే చెప్తే ఆయనకి ఫోన్ చేస్తాను.

విజయ్_నారాయణగూడ
తప్పకుండా తీసుకురా అమ్మా. గెస్ట్ లెక్చరర్‌కి ఇచ్చే మొత్తమే ఆయనకీ ఇప్పిస్తాను, పేరు, ఊరు నాకు మెసేజ్‌లో పంపు, పోస్టర్ మీద వేయాలి.